ముందు చక్రాలకు బలం

కమఠాణ,
12 మార్చి 2024.

రిబ్కక్కకు,

ఇంతకాలం నిన్ను నిలబెట్టిన దేవుడు నీ మోకాళ్లను కూడా నిలబెట్టాలని వేడుకుంటూ తమ్ముడు దయానంద్ రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. కందులు కొట్టి ఇంట్లో పోశాం. ఎండలు ముదురుతున్నాయి. ఆదివారం మైలూరు కూటంలో చెమట కళ్లలోకి దిగి వాక్యం కనబడలేదు, అయినా ఆపకుండా చెప్పాను. నోటికి వచ్చినదానికి కళ్లెందుకు?

నీ సంతకం ఒకటి కావాలి. ఎందుకో పూర్తిగా చదివాక కోపం తెచ్చుకో, ముందే తెచ్చుకోకు.

బావ పికప్పు నువ్వు నాకు వాడుకోమని ఇచ్చావు గాని, కాగితాల్లో ఇంకా బాబురావు అనే ఉంది. దాన్ని నీ పేరుకు మార్చి, బండిలో మార్పుకు ఒప్పుకుంటున్నానని నువ్వు రాసిస్తే ఆర్టీవో ఆఫీసులో ఇవ్వాలి. ఏం మార్పు అంటావా? బీదర్‌లో ఖండప్ప షెడ్డుకు తీసుకుపోయాను. అతను బండి కిందికి దూరి, చాలాసేపు ఉండి, మొహమంతా గ్రీసుతో బయటికి వచ్చాడు. "అన్నా, ఈ బండికి ఎన్క చక్రాలే కష్టపడుతున్నయ్. ముందటియి ఊకె ఎంబడి ఉరుకుతున్నయ్, పెండ్లికొచ్చిన చుట్టాల లెక్క" అన్నాడు. పాత జీపు ముందు ఇరుసు ఒకటి, ఇంజను బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే చిన్న గేరుడబ్బా ఒకటి దొరికితే ముందు చక్రాలను కూడా పనిలో పెట్టవచ్చట. డ్రైవరు పక్కన ఇంకో చిన్న లివరు వస్తుంది. బురద వచ్చినప్పుడు అది గుంజితే నాలుగు చక్రాలూ కలిసి నడుస్తాయి.

అది విన్నప్పటి నుంచి కళ్లు మూసినా తెరిచినా నాకు ఒకటే దృశ్యం. చెరలో ఉన్న ప్రవక్తకు నది ఒడ్డున కనబడ్డ చక్రాలు నీకు గుర్తున్నాయా? నాయనమ్మ చదివేటప్పుడు మనం దుప్పటి మీదికి లాక్కునేవాళ్లం. చక్రంలో చక్రం, అంచుల చుట్టూ కళ్లు. ఆత్మ ఎటు పోతే నాలుగూ అటే పోయేవి. అట్లాంటి బండి ఒకటి కుశనూర్ వాగులో నుంచి, నీళ్లు రెండు పక్కలకూ పూలలాగా విచ్చుకుంటుంటే, మెల్లగా పైకి వస్తున్నట్టు.

జులైలో బావకు ఏడాది. మన ఆనవాయితీ ప్రకారం ఆ రోజే, మట్టి వేసినవాళ్లందరి ఎదుట, సమాధి మీద రాయి పెట్టాలి. సమాధి ఉన్న కుశనూర్ పొలం వాగు అవతల ఉంది. వానల్లో ఆ నల్లరేగడిలోకి ట్రాక్టరు తప్ప ఏదీ పోదు, ట్రాక్టరు మాట నీ దగ్గర ఎత్తను. పోయిన ఏడు ఇదే బండి వాగులో దిగబడితే కదా దాన్ని లాగడానికి బావ పక్క పొలం ట్రాక్టరు ఎక్కింది, అది ఆయన మీద తిరగబడింది. ఆ రోజు ముందు చక్రాలకు బలం ఉండి ఉంటే బావ ఇవాళ మన మధ్య ఉండేవాడు.

రాయినీ నిన్నూ ఆ బండిలోనే తీసుకుపోతాను. సంతకం పంపు.

వాక్యం కోసం నిలబడే నీ తమ్ముడు,
దయానంద్

*

చిట్గుప్ప,
20 మార్చి.

దయానందూ,

ఉత్తరం అందింది. ప్రేమల బడి నుంచి వస్తూ పోస్టాఫీసులో తీసుకుంది. "మామ రాసిండమ్మా. కవరు బరువుంది, ప్రసంగమే ఉంటది" అంది. ఫోన్ చేయకుండా రాసినందుకు మంచిది. ఫోన్లో అయితే రెండో మాటకు నువ్వు అరుస్తావు, మూడో మాటకు నేను పెట్టేస్తాను. కాగితం మీద ఎంత అరిచినా బిడ్డ పక్క గదిలో పిల్లల పేపర్లు దిద్దుకోవచ్చు.

సంతకం పెట్టను.

ఆయన ఎట్లా విడిచిపోయాడో బండి అట్లాగే ఉండాలి. అద్దం లోపలి వైపు ఆయన మోచేత్తో తుడిచిన వంకర గుర్తు ఇంకా ఉందా? ఉంటే తుడవకు. సీటు డ్రైవరు వైపు కుంగి ఉంటుంది, దాన్ని సరిచేయించకు. నీ ఖండప్ప కోసి, అతికి, ఇంకెవరిదో ఇరుసు తెచ్చి పెడితే అది ఆయన బండి ఎట్లా అవుతుంది?

"ముందు చక్రాలకు బలం ఉండి ఉంటే" అని రాశావు. బలం లేని బండి కొనడం ఆయన తప్పా? వానలో పొలానికి పోవడం తప్పా? సోయాచేనులో నీళ్లు నిలిస్తే వేళ్లు కుళ్లుతాయని గట్టు తెంపడానికి పోయాడు. వ్యవసాయం చేసే ఏ మనిషి అయినా పోతాడు.

నువ్వు సమాధి దగ్గర చెప్పిన మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అంతకంటే రాయను.

రాయి చెక్కడం అయిపోయిందని కుశనూర్ నుంచి మాణిక్యప్ప కబురు పంపాడు. చలికాలం దాకా ఆగమంటున్నాడు. ఆగను. ఏడాది అంటే ఏడాది. నడిచి పోతాను. ప్రేమల నా మోకాళ్ల వంక చూసి నవ్వింది. నవ్వనీ.

మొన్న మధ్యాహ్నం కూర్చున్న చోటే కునుకు పడితే బండి కలలోకి వచ్చింది. కందిచేను మీద తేలుతూ పోతోంది. చక్రాలు నేలకు తగలడం లేదు. కందిపూత పసుపు తలుపులకు రాసుకుంటోంది. ఆయన నడపడం లేదు, వెనక ఖాళీ సంచుల మీద వెల్లకిలా పడుకుని మబ్బులు చూస్తున్నాడు. మరి నడిపేది ఎవరా అని వంగి చూసేసరికి కుక్కరు కూత పెట్టింది.

అక్క,
రిబ్క

*

కమఠాణ,
2 ఏప్రిల్.

అక్కా,

సంతకం లేదన్న మాట చదివి బాధపడ్డాను. కానీ నేను సమాధి దగ్గర చెప్పిన మాట ఇంకా నీ చెవుల్లో ఉందన్నావే, అక్కడ చదవడం ఆపి మోకరించాను. ఆ రోజు కుండపోతలో, గొంతు చీల్చుకుని చెప్పింది ఎవరికీ అందలేదేమో అని ఇన్నాళ్లూ మనసులో ముల్లు. నీకు అందింది. ఇన్ని నెలలుగా నిన్ను ఓదారుస్తోంది. సముద్రం మధ్యలో ఫరో రథాల చక్రాలను దేవుడు పట్టుకున్న ఆ మాట నేను సిద్ధం చేసుకుని రాలేదు అక్కా, బురదలో కూరుకున్న బండిని చూసేసరికి దానంతటది నోట్లోకి వచ్చింది. పైనుంచి వచ్చిన మాట అది.

నువ్వు తప్పక ఒప్పుకుంటావనే నమ్మకంతో ఇరుసు కొనేశాను. పాత మిలిటరీ జీపుది. వెనక ఇరుసులో పళ్ల లెక్కా దీనిలో పళ్ల లెక్కా ఒకటేనని ఖండప్ప వేళ్లతో తడిమి మరీ తేల్చాడు. ఆ లెక్క తేడా ఉంటే ముందు చక్రాలు ఒక వేగం, వెనకవి ఒక వేగం పోతామని పంతం పట్టి మధ్యలో షాఫ్టు విరిచేస్తాయట. "ఇంట్ల అన్నదమ్ముల లెక్కనే అన్నా" అన్నాడు. నేను అతన్ని కూటానికి రమ్మన్నాను. "దేవుడు షెడ్డుకొస్తే చాయ్ పోస్త" అన్నాడు. గర్వం. కానీ చెయ్యి మంచిది.

ఇరుసు ఇప్పుడు మా వాకిట్లో వేపచెట్టు కింద ఉంది. పొద్దున్నే దాని మీద పిచ్చుకలు కూర్చుంటున్నాయి. ఎన్ని యుద్ధభూములు చూసిందో, ఏ మంచుకొండలు ఎక్కిందో. నీళ్లు పోసి కడుగుతుంటే ఎర్రమట్టి దిగింది. మన దేశం మట్టి కాదు అది.

నీ కల సంగతి ఆలోచిస్తున్నాను. కలకు అర్థం లేకుండా ఉండదు.

ఆదరించబడిన సోదరుడు,
దయానంద్

*

చిట్గుప్ప,
10 ఏప్రిల్.

దయానంద్,

ఫరో ఎవరు? నా పెనిమిటా?

గోతిలో మట్టి ఇంకా తడిగా ఉంది. ఆయన అన్నదమ్ములు నిలబడ్డారు, కుశనూర్ ఊరంతా గొంగళ్లు కప్పుకుని నిలబడింది. నువ్వు మైకు పట్టుకుని "ఫరో రథాల చక్రాలను బురదలో పట్టినవాడు ఎవరు, దేవుడు కాదా" అన్నావు. అంతే అన్నావు. ఇంక ఏమీ అనలేదు. ఫరో అంటే ఎవరో కుశనూర్‌లో చిన్న పిల్లలకు కూడా తెలుసు. దేవునికి ఎదురు తిరిగి సైన్యంతో సహా మునిగినవాడు.

ఆ రోజు సాయంత్రం మా తోడికోడలు నాతో అన్న మాట నీకు చెప్పనే లేదు. "మీ తమ్ముడు మావోని లెక్క తేల్చిండు గదా, ఇంక మనం ఏడుసుడెందుకు?" అంది. అప్పటి నుంచి ఆ ఇంట్లో నేను నీళ్లు తాగలేదు. అందుకే ప్రేమల దగ్గరికి వచ్చేశాను. నువ్వేమో నేను మోకాళ్ల మందులకు పట్నం వచ్చాననుకుంటున్నావు.

ఓదార్పు అట.

రిబ్క

*

కమఠాణ,
21 ఏప్రిల్.

అక్కా,

నీ ఉత్తరం వచ్చిన రోజు నుంచి ప్రసంగానికి పోలేదు. రెండు ఊళ్లవాళ్లు మనిషిని పంపారు, ఒంట్లో బాగాలేదన్నాను.

ఇది మాత్రం విను. నేను మాట మొదలుపెట్టాను గాని ముగించలేదు. మైకు బ్యాటరీ తడిసి ఆగిపోయింది. చుట్టూ వాన. నా నోరు ఆడుతూనే ఉంది, శబ్దం నీదాకా రాలేదు. మిగిలిన సగం ఇది. "ప్రభువా, ఆ రోజు నీ జనాన్ని కాపాడటానికి చక్రాలు పట్టావు. మరి ఈ చక్రాలను ఎవరిని కాపాడటానికి పట్టావు? ఇతను ఎవరినీ తరమలేదు. ఎవరినీ బానిసగా పెట్టుకోలేదు. చేనులో నీళ్లు తీయడానికి పోయాడు. నాకు జవాబు చెప్పు." నేను బావను నిందించలేదు అక్కా. పైవాణ్ణి నిలదీశాను. నా జీవితంలో మొదటిసారి. జవాబు రాలేదు. అందుకే నాకు ఆ చక్రాల మీద ఇంత కసి. ఆయన చెప్పకపోతే నేనే వాటిని కదిలిస్తాను అనుకున్నాను.

కాళ్లు కడిగి, యాకోబులాగా రాయి తలకింద పెట్టుకుని పడుకోవాలనిపిస్తోంది. నిచ్చెన కనబడకపోయినా సరే, నిద్ర పడితే చాలు.

సంతకం అడగను. ఇరుసు వేపచెట్టు కిందే ఉంటుంది. పిచ్చుకలకు పనికొస్తుంది.

దయానంద్

*

చిట్గుప్ప,
5 మే.

దయానందూ,

కాగితాలు ఇందులో పెట్టాను. నాలుగు చోట్ల సంతకం చేశాను. ప్రేమల ఎక్కడెక్కడ చేయాలో పెన్సిలుతో గుర్తు పెట్టింది. బండి ఇక నా పేరు మీదికి వస్తుంది, కాబట్టి నా మాట చెల్లుతుంది. రంగు మార్చకూడదు. సీటు ముట్టుకోకూడదు. అద్దం మీద గుర్తు నీకు తెలుసు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దాని గురించి ఇప్పుడే రాయలేను. ఎండ ఎక్కువగా ఉంది.

ఇంకో కల వచ్చింది. రేగడి అంతా తడిసి అద్దంలాగా ఉంది, ఆకాశం కింద కూడా ఉంది. బండి మధ్యలో ఆగి ఉంది. ఆయన కుడి పక్కన నిలబడి, ముందు చక్రం దగ్గర అరచేత్తో తడుతూ "ఇటు పక్క, ఇటు పక్క" అంటున్నాడు. నాతోనా, ఇంకెవరితోనా తెలియలేదు. మొహం మాత్రం నిమ్మళంగా ఉంది. లేచాక చాలాసేపు ఆ చేతి చప్పుడు వినబడింది.

మామిడికాయ తొక్కు పెట్టాను. బస్సులో వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే పంపుతాను.

అక్క

*

బీదర్, ఖండప్ప షెడ్డు నుంచి,
28 మే.

ప్రియమైన అక్కకు,

పనిముట్లు పెట్టే బల్ల మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలకు గ్రీసు అంటితే క్షమించు. పైన రేకుల మీద వడగాలి సన్నాయిలాగా మోగుతోంది.

మన ఇంట్లో ఎవరైనా కల చెబితే నాయనమ్మ చేతిలో పని ఆపి, కొంగు కప్పుకుని కూర్చునేది. నేనూ అంతే. నీ ఉత్తరం వచ్చే సరికి ఖండప్ప ఇరుసును బండి కిందికి దూర్చి కొలతలు తీస్తున్నాడు. ఇరుసులో ఒక పక్కగా ఉబ్బుగా పెద్ద ఇనుప బుర్ర ఉంటుంది, డిఫరెన్షియల్ అంటారు. షాఫ్టు వచ్చి అందులోకే దిగుతుంది. ఈ జీపు ఇరుసులో అది ఎడమ పక్కకు ఉంది. "ఎడమకే షాఫ్ట్ తెస్త, సీదా పని" అన్నాడు. నేను "ఆగు" అన్నాను. నీ కల చదివి వినిపించాను. కుడి పక్క! బావ చెయ్యి పెట్టి చూపించాడు. రాత్రంతా వల వేసి ఒక్క చేప కూడా పట్టని జాలరులకు ప్రభువు ఏమన్నాడు? పడవ కుడి పక్కన వేయమన్నాడు. వేస్తే వల లాగలేనన్ని పడ్డాయి. రెండు సాక్ష్యాలు ఒక్క మాట మీద నిలిచాక ఇంకేం కావాలి?

ఖండప్ప తల గోక్కున్నాడు. "అన్నా, బుర్ర కుడికి రావాల్నంటే ఇరుసును కిందామీద తిరగెయ్యాలె. ఎందుకొచ్చిన లొల్లి?" అన్నాడు. "తిరగెయ్యి" అన్నాను. "ఈ షెడ్ల మాలిక్ నేనా, నువ్వా?" అన్నాడు. "ఇద్దరం కాదు" అని పైకి చూపించాను. తిట్టుకుంటూనే తిరగేశాడు. చివర్లు కోసి మళ్లీ అతికాడు. గేరుడబ్బా కూడా కుడికి మార్చాడు. వెల్డింగు నిప్పురవ్వలు రాలుతుంటే పెంతెకొస్తు దినం అగ్నినాలుకలు గుర్తొచ్చాయి.

వానలకు ముందే పూర్తవుతుంది. ఆనందించు.

దయానంద్

*

చిట్గుప్ప,
8 జూన్.

ఓరి దయానందూ,

ప్రేమలకు చదివి వినిపిస్తే పొట్ట పట్టుకుని కూలబడింది. నేను కూడా నవ్వాను. ఎన్నాళ్లయిందో, దవడలు నొప్పి పుట్టాయి.

డ్రైవరు తలుపు కుడి పక్కనే కదరా ఉంటుంది! ఆయన జీవితమంతా దిగింది అటే, నిలబడింది అటే. దిగగానే టైరు మీద ఒకసారి తట్టడం ఆయన అలవాటు. "ఇటు పక్క" అంటే నన్ను అటు రమ్మన్నాడేమో, నీళ్ల చెంబు అటు పెట్టమన్నాడేమో. ఇరుసు గురించి చెప్పడానికి చచ్చినవాడు ఇంత దూరం వస్తాడా? వస్తే మొదట తొక్కు సంగతి అడుగుతాడు.

ఖండప్ప మాట విను. అతను రోజూ బండ్ల కింద పడుకునేవాడు. నువ్వు ఆదివారం మాత్రమే మోకరించేవాడివి.

ఇక్కడ నిన్న మొదటి వాన. మట్టి వాసనకు కళ్లు మూసుకుని నిలబడితే కుశనూర్ పొలంలో ఉన్నట్టే అనిపించింది. వాగు ఇంకా రాలేదని మాణిక్యప్ప కబురు. వస్తుంది.

ఆ రోజు మైకు ఆగిన సంగతి ప్రేమలను అడిగాను. నా వెనక నిలబడింది కదా. "ఆగిందమ్మా. మామ నోరు ఆడుతున్నది, ఏం ఇనబడలే. చేతులు మీదికెత్తి ఎవల్నో కొట్లాడుతున్నట్టు చేసిండు" అంది. నాకు చూపు ఆ గోతి మీదే ఉంది. తల ఎత్తలేదు.

అక్క

*

బీదర్,
20 జూన్.

అక్కా,

నువ్వు నవ్వినందుకు దేవునికి స్తోత్రం. ఇంకా నవ్వు.

నిన్న బండిని నాలుగు స్టాండ్ల మీద ఎత్తి, చక్రాలు గాలిలో ఉండగా ఇంజను వేశాం. చుట్టుపక్కల షెడ్లవాళ్లు చాయ్ గ్లాసులతో వచ్చి నిలబడ్డారు. నేను ప్రార్థన చేశాను, కొంచెం పొడుగే చేశాను. ఖండప్ప మొదటి గేరు వేసి చిన్న లివరు గుంజాడు. వెనక చక్రాలు ముందుకు తిరిగాయి. ముందు చక్రాలు వెనక్కు తిరిగాయి.

ఖండప్ప ఇంజను బందు చేసి, బీడీ వెలిగించి, "పాస్టర్‌సాబ్, ఎన్కటియి ఔరాద్ పోతమంటున్నయ్, ముందటియి హుమ్నాబాద్ పోతమంటున్నయ్. మనం యాడికి పోదాం?" అన్నాడు. షెడ్లన్నీ పడీపడీ నవ్వాయి. ఇరుసును తిరగేస్తే అందులో తిప్పుడు కూడా తిరగబడుతుందట. అతనికీ తట్టలేదు. "నీ వల కథల పడి నా బుద్ధి కొట్టుకపోయింది" అంటున్నాడు.

నేను మూలకు పోయి నిలబడ్డాను. చక్రాలన్నీ ఒక్క వైపే పోయేవి, వెనుదిరిగేవి కావు అని ఎన్ని వేదికల మీద గర్జించాను! ఆ వాక్యం నోట్లో పెట్టుకునే ఇరుసును తిరగేయించాను.

మళ్లీ కోసి, సరిగ్గా తిప్పి, ఎడమకే అతకాలి. షెడ్డులో చోటు లేదు, బండి వాకిట్లో వానలోనే ఉంది. ఖండప్ప పనివాడు ఊరికి పోయాడు. నేను కిందికి దూరి పట్టుకుంటున్నాను. నీళ్లు వీపు కింద నుంచి చల్లగా పారుతుంటాయి. పైన ఇనుము, సందుల్లోంచి తునకలుగా మబ్బు. అట్లా పడుకుంటే ఎవరిమీదా కోపం రావడం లేదు. భలే నిశ్శబ్దంగా ఉంటుంది అక్కడ. బావ ఎన్ని మధ్యాహ్నాలు బండి కిందికి దూరి బయటికి రాకుండా ఉండేవాడో గుర్తుందా? బాగుచేస్తున్నాడనుకునేవాళ్లం. నిద్రపోయేవాడేమో.

దయానంద్

*

బీదర్, ఆస్పత్రి,
16 జులై.

అక్కా,

ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందన్నారు. భయపడకు, ఫోన్ చేయకు, మాట్లాడితే దగ్గు వస్తోంది. వానలో పడుకున్న ఫలం. లేచి తిరగనివ్వరట, ఈ నెలంతా.

బండి అయిపోయింది. నాలుగూ ఒక్క దిక్కుకే తిరుగుతున్నాయి. ఖండప్ప నన్ను చూడటానికి వచ్చి మంచం పక్కన చేతులతో తిప్పి చూపించాడు. ఆర్టీవో ఆఫీసువాళ్లు కూడా చూసి రాసుకున్నారు. కుశనూర్‌కు అతనే నడుపుతానన్నాడు. గట్టి రోడ్డు మీద చిన్న లివరు ముట్టవద్దు, మట్టిలోకి దిగాకే గుంజాలి.

నేను రాలేకపోవడం గుండెలో రాయి. ప్రసంగం రాసి ఇందులో పెట్టాను, తొమ్మిది పేజీలు. ప్రేమల చేత గట్టిగా చదివించు. మాట ముగియాలి అక్కా, ఈసారి ముగియాలి.

దయానంద్

*

చిట్గుప్ప,
30 జులై.

తమ్ముడూ,

దగ్గు తగ్గిందని ఖండప్ప చెప్పాడు. ఈ ఉత్తరం పడుకునే చదువు.

శనివారం పొద్దున్నే బయలుదేరాం. ముందు నేనూ ప్రేమలా, వెనక గోనెసంచుల్లో చుట్టిన రాయి. సీటు ఆయన వైపు కుంగే ఉంది. ఖండప్ప అందులో కూర్చుంటే ఒక పక్కకు ఒరిగినట్టు ఉన్నాడు. దారంతా సన్నటి తుంపర. ఔరాద్ దాటాక పొగమంచులాంటి వానలో చేలు, మబ్బులు ఏది ఏదో తెలియలేదు. నిద్రలో పోతున్నట్టే ఉంది, కాని మెలకువగానే ఉన్నాను.

వాగు ఒడ్డున జనం. ఆయన అన్నదమ్ములు, మా తోడికోడలు, మాణిక్యప్ప, ఊరంతా. గొంగళ్ల కింద మొహాలు కనబడలేదు. ఎవరూ పలకరించలేదు. ఖండప్ప బండి ఆపి, "అక్కా, బండి నీ పేరు మీదున్నది. చిన్న లివర్ నువ్వే గుంజు" అన్నాడు. గుంజాను. గట్టిగా ఉంది. లోపల ఎక్కడో పళ్లు పళ్లలో కూర్చున్న చప్పుడు.

నీళ్లలోకి దిగాం. అవతలి ఒడ్డు నల్లగా, జిగటగా, పైకి లేచి ఉంది. వెనక భాగం ఒక పక్కకు జారింది. నేను ప్రేమల చెయ్యి పట్టుకున్నాను. అప్పుడు ముందు నుంచి ఎవరో మణికట్టు పట్టుకుని లాగినట్టు బండి పైకి కదిలింది. మెల్లగా. తొందర లేకుండా. "ఆయన పడ్డ చోట ఒక్క నిమిషం ఆపు" అన్నాను. "ఆపొద్దక్కా, ఆగితే మట్టి పట్టుకుంటది" అన్నాడు ఖండప్ప. సరే అని కిటికీలోంచి చూస్తున్నాను. ఏడాది పొడుగునా నేను పడుకున్నదీ లేచిందీ ఆ చోటులోనే. దాన్ని గుర్తుపట్టేలోపే దాటిపోయాం తమ్ముడూ. వెనక్కి తిరిగి చూస్తే అంతా ఒకటే మట్టి, ఒకటే నీళ్లు. ఎక్కడని చెప్పలేను.

నీ తొమ్మిది పేజీలు ప్రేమల చదవబోయింది. మొదటి పేజీలోనే ఐదుగురు ప్రవక్తలు ఉన్నారు. నేను తీసుకుని మడిచి జాకెట్లో పెట్టుకున్నాను. కోపం తెచ్చుకోకు. నేనే మాట్లాడాను. జనం ముందు ఎన్నడూ నోరు తెరవనిదాన్ని. "పోయిన ఏడు నా తమ్ముడు ఈడ్నే ఒక మాట మొదలువెట్టిండు. మైకు బందయింది. మీకు సగమే ఇనబడ్డది. తక్కిన సగం నేను చెప్త. ఈయన ఫరో కాదు, ఈయన చక్రాలెందుకు పట్టినవని నా తమ్ముడు దేవున్ని అడిగిండు. దేవుడు ఇంకా చెప్పలే. చెప్పినంక మళ్ల వచ్చి మీకు చెప్తం" అన్నాను. అంతే. మా పెద్ద బావగారు గొంగడి తీసేసి వానలో తల వంచుకున్నాడు. మా తోడికోడలు వచ్చి రాయికి ఒక చెయ్యి పట్టింది.

మాణిక్యప్ప మాత్రం గొణుగుతూనే ఉన్నాడు. "వదినా, తడి రేగడిల పెడుతున్నం. ఎండకాలం నేల పగిల్తే రాయి వంగుతది. నా పేరు ఖరాబైతది" అన్నాడు. "వంగనీ" అన్నాను. "వంగినప్పుడల్లా వచ్చి సరిచేస్తం. ఇప్పుడు రావొచ్చు గదా, ఏ కాలమైనా." రాయి దించాం. మట్టి దాన్ని మెత్తగా తీసుకుంది, నిద్రపోయే బిడ్డ కింద పరుపులాగా.

వచ్చేటప్పుడు మా తోడికోడలు ఇంట్లో నీళ్లు తాగాను. చాయ్ కూడా.

మందులు వేళకు వేసుకో.

అక్క, రిబ్క

*

కుశనూర్ పొలం గట్టు మీద కూర్చుని,
14 ఏప్రిల్ 2025.

అక్కా,

ఔరాద్‌లో కూటం ముగించుకుని, ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్ణే ఇటు వచ్చాను. వాగులో నీళ్లు లేవు. చిన్న లివరు ముట్టే పని కూడా పడలేదు. ఎండ తెల్లగా, చప్పుడు లేకుండా ఉంది. రేగడి అరచెయ్యి పట్టేంత వెడల్పున పగిలింది. పగుళ్లలోకి వంగి చూస్తే లోపల చీకటి చల్లగా తగిలింది.

మాణిక్యప్ప చెప్పినట్టే అయింది. రాయి వంగింది. తూర్పుకు, వాగు వైపు, ఎవరో పిలిస్తే కొంచెం తల తిప్పినట్టు.

నీకు నా సంగతి తెలుసు. వంకరగా ఉన్నది ఏది కనబడినా నా చెయ్యి ఊరుకోదు. బండిలో గడ్డపార ఉంది. తీసి పగులులో దించాను కూడా. అప్పుడు, ఎడ్లు తొట్రుపడి బండి మీది దేవుని మందసం తూలితే పడిపోతుందేమోనని చెయ్యి చాపి పట్టుకున్న మనిషి గుర్తొచ్చాడు. ఆయన మంచి మనసుతోనే చెయ్యి చాపాడు. అయినా అది ఆయన పట్టవలసింది కాదు, అక్కడికక్కడే ప్రాణం పోయింది. ఆ కథ ఎన్నో ఊళ్లలో చెప్పాను, ఎప్పుడూ కోపంగానే చెప్పాను. ఇవాళ ఈ ఎండలో మొదటిసారి ఆ మనిషి మీద జాలి కలిగింది.

గడ్డపార తిరిగి బండిలో పెట్టాను. రాయిని ముట్టుకోలేదు. పక్కనే కూర్చున్నాను. నా నీడ దాని నీడ మీద పడింది, కొంతసేపటికి జరిగింది. బావతో ఏమీ మాట్లాడలేదు. పైవాణ్ణి కూడా ఏమీ అడగలేదు.

వానలు పడ్డాక చిట్గుప్పకు వస్తాను. ఇద్దరం కలిసి వద్దాం. నువ్వు ఎటు అంటే అటు నేను ఎత్తుతాను.

నీ తమ్ముడు,
దయానంద్